చుక్కి అబద్ధం చెప్పదు

చుక్కి అబద్ధం చెప్పదని ఊళ్లో మొదట అన్నది నేనే. పదిమందిలో మీసం దువ్వుకుంటూ అన్నాను. ఇప్పుడా మాట గుర్తొస్తే నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది.

చుక్కి నా గొర్రెల మందను కాసే కుక్క. ఒళ్లంతా నలుపు, నుదుటి మీద తెల్ల మచ్చ. దానికి నేను ఏనాడూ ఈల వేయలేదు, కేక పెట్టలేదు. మందను వంక దాటించాలని మనసులో అనుకుంటే చాలు, అది వంక వైపు నడిచేది. దానికి ముల్లు గుచ్చుకుంటే నేను కుంటేవాణ్ణి. నమ్మేవాళ్లు నమ్మారు, నవ్వేవాళ్లు నవ్వారు. ఒకసారి కదిరి సంతలో నిలబడి ఉండగా ఉన్నట్టుండి ఎడమ కాలు పట్టు తప్పి కూలబడ్డాను. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే చుక్కి ఎడమ కాలు వాచి ఉంది. తోట బోరు దగ్గర తొట్టిలో నీళ్లు తాగబోతే కాపలా ఉన్న అంజినప్ప రాయి విసిరాడట.

అది రెండువేల రెండో సంవత్సరం. వానలు లేక వేరుశనగ విత్తనం భూమిలోనే మాడిపోయింది. బడిలో గంజి కేంద్రం పెట్టారు. ఊరి మొత్తానికి నీళ్లొస్తున్న బోరు ఆ తోటలోది ఒక్కటే. ఎవరినీ దగ్గరికి రానివ్వొద్దని తోట ఆసామి చెప్పాడు, అంజినప్ప చెప్పినట్టు చేశాడు. ఈ ఇంగితం నాకు ఇప్పుడుంది. అప్పుడు మాత్రం నా కుక్కను కొట్టినవాడు మనిషే కాదనుకున్నాను.

చుక్కికి ఇంకో పనిలో కూడా మంచి పేరుండేది. చుట్టుపక్కల ఎవరి గొర్రె తప్పిపోయినా, మేక పోయినా నన్నే పిలిచేవాళ్లు. కట్టేసిన తాడు వాసన చూపిస్తే వెతికి పట్టేది. దొంగ ఉంటే అతని ఎదుట కూర్చుని ముందు కాలు అతని పాదం మీద పెట్టేది. ఆ తర్వాత ఇంకెవరూ సాక్ష్యం అడిగేవాళ్లు కాదు.

మా ఊరి హనుమక్క మారెమ్మ తల్లికి మొక్కుకుని పెంచిన పొట్టేలు ఆ రోజుల్లోనే మాయమైంది. గుంజకు తాడు మాత్రం మిగిలింది. ఊళ్లో సగం మంది నా వెనక వచ్చారు. చుక్కి తాడు వాసన చూసి నేరుగా పాత బావి దారి పట్టింది. ఆ బావి బోర్లు వచ్చాక ఎండిపోయింది, అటు ఎవరూ పోరు. నా మనసులో అప్పటికే అంజినప్ప కూర్చుని ఉన్నాడు. బావి దగ్గర ఏముంటుంది, వాడి దగ్గరికి పద అనుకున్నాను. చుక్కి ఆగింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. బావి అడుగున కుళ్లిన ఆకుల వాసన ఒక్కసారి నా ముక్కుకే తగిలింది. పద అని మళ్లీ అనుకున్నాను. అది తల దించుకుని ఊళ్లోకి తిరిగింది.

అంజినప్ప గంజి కోసం చెంబు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నాడు. చుక్కి పోయి అతని ఎదుట కూర్చుంది. కాలు ఎత్తి కాసేపు గాల్లోనే ఉంచి, చివరికి అతని పాదం మీద పెట్టింది. వరసలో వాళ్లంతా పక్కకు జరిగారు. అంజినప్ప కుక్క వైపు చూడనేలేదు.

"గంగన్నా, నా మొగం చూసి చెప్పు. నేను దొంగతనం చేసేవాణ్ణా?"

"చుక్కి అబద్ధం చెప్పదు" అన్నాను. అతని మొహం మాత్రం చూడలేదు.

తోట ఆసామి ఆ పూటే అతన్ని కాపలా మాన్పించాడు. అతని భార్య మారెక్క గంజికి వస్తే పక్కన నిలబడటానికి ఎవరూ ఒప్పుకోలేదు. వారం తిరక్కుండా ఇద్దరూ ఇంటికి తాళం వేసి గుంతకల్లు పోయారు. స్టేషన్ బయట మూటలు మోస్తున్నాడని ఎవరో చెప్పారు. ఆ మాట విన్నా విననట్టు మందను తోలుకుపోయాను.

రెండు నెలల తర్వాత తప్పిపోయిన గొర్రెపిల్లను వెతుక్కుంటూ పాత బావిలోకి తొంగి చూశాను. కొమ్ములు, ఎముకలు, హనుమక్క పొట్టేలు మెడకు కట్టిన ఇత్తడి గంట. అడుగున మట్టి గుండ్రంగా తొక్కి తొక్కి గట్టిపడి ఉంది. పడగానే చావలేదన్నమాట. మేం తాడు పట్టుకుని తిరిగిన రోజు అది బతికే ఉండాలి. ఆ ఏడు ఎక్కడ చూసినా పశువులు చచ్చి పడి ఉండేవి, కంపు ఎవరికీ వింతగా తోచలేదు. ఇక నేను చేసిన పని వినండి. ముళ్ల కంప నరికి తెచ్చి బావి మీద కప్పేశాను. ఎవరైనా అడిగితే, పిల్లలు పడతారని కప్పానని చెప్పడానికి మాట కూడా సిద్ధం చేసుకున్నాను.

అప్పటి నుంచి నాకు ముద్ద దిగేది కాదు, చుక్కి కూడా సంగటి ముట్టేది కాదు. మంద ఇల్లు చేరగానే పోయి, తాళం వేసిన అంజినప్ప వాకిట్లో పడుకునేది. నేను పోవాల్సిన చోటికి అది పోతోందని తెలిసీ ఊరుకున్నాను. ఇంతకంటే సిగ్గులేని బతుకు ఉంటుందా?

మరో నెలకు బసప్ప మేక పోయింది. చుక్కిని తెమ్మని కబురొచ్చింది. దానికి జలుబు చేసిందన్నాను. కుక్కకు జలుబేమిటని నవ్వి, ఇంటికే వచ్చి నన్ను బడి ముందుకు తీసుకెళ్లారు. జనం చుట్టూ నిలబడ్డారు, వాళ్లలో హనుమక్క కూడా ఉంది. తాడు చుక్కి ముక్కు ముందు పెట్టి, మేక గురించే ఆలోచించాలని కళ్లు మూసుకున్నాను. కళ్ల ముందు మేక రాలేదు, చెంబు పట్టుకున్న అంజినప్ప వచ్చాడు.

చుక్కి జనం చుట్టూ ఒకసారి తిరిగింది. తిరిగి వచ్చి నా ఎదుట కూర్చుని, నా పాదం మీద కాలు పెట్టింది.

అందరూ గొల్లున నవ్వారు. "ఏమప్పా గంగన్నా, దొంగవు నువ్వేనా?" అన్నాడు బసప్ప. కుక్క ముసలిదైపోయిందని ఇంకొకరు అన్నారు. నేను కూడా నవ్వేస్తే సరిపోయేది, మాట అక్కడితో పోయేది. నవ్వడానికి నోరు తెరిచాను కూడా. చుక్కి కాలు తీయలేదు.

"చుక్కి అబద్ధం చెప్పదు" అన్నాను. "హనుమక్కా, నీ పొట్టేలు పాత బావిలో ఉండాది. కంప కప్పినోణ్ణి నేనే. అంజినప్ప ఏ పాపమూ చేయలేదు."

హనుమక్క నా దగ్గరికి వచ్చి నిలబడింది. అంజినప్ప ఆ రోజు అడిగినట్టే, తన మొహం చూసి చెప్పమంది.

"నీకు తెలిసి ఎన్నాళ్లయింది?"

ఈసారి చూశాను.

"ఎముకలు చూసి నెలయిందక్కా. అంజినప్ప కాదని మాత్రం, చుక్కి బావి దారిలో వెనక్కి తిరిగి నన్ను చూసిన పొద్దే తెలుసు."