ఆవులున్నాయి, జాగ్రత్త

శనివారం సాయంత్రం బంగాళాదుంపల కోసం తోటలోని షెడ్డులోకి వెళ్ళిన జానిస్‌కి ఎరువు సంచుల వెనక ఒక చెక్క బోర్డు కనిపించింది. పసుపు రంగు మీద చేత్తో రాసిన నల్లటి అక్షరాలు. "దూడలతో ఆవులున్నాయి, జాగ్రత్త. దయచేసి పై సందులోంచి వెళ్ళండి." మూలల్లో కోసేసిన ప్లాస్టిక్ తాళ్ళు ఇంకా వేలాడుతున్నాయి.

అది లోర్నా పొలం గేటుకి ఉండాల్సిన బోర్డు. దాన్ని తెచ్చి ఇక్కడ దాచిందెవరో అడగక్కర్లేదు.

అష్‌కోంబ్ ఊరి కాలిబాటలన్నిటికీ జానిస్ భర్త కీత్ కాపరి. ఏ పొలానికి అడ్డంగా ఏ బాట పోతుందో, ఏ కంచె మీద దాటుమెట్లు పుచ్చిపోయాయో అతనికి అరచేతిలో గీతల్లా తెలుసు. పొలం ఎవరిదైనా దాని మీది బాట అందరిదీ, మనుషులు నడవని బాట చచ్చిన బాటతో సమానమనేవాడు. లోర్నా కంటే ముందు ఆ పొలం కొన్న పెద్దమనిషి "ఎద్దు ఉంది" అని బోర్డు పెట్టి, నడిచేవాళ్ళని బెదరగొట్టాడు. నిజానికి అక్కడ ఎద్దూ లేదు, దాని తోకా లేదు. కీత్ పట్టు వదలకుండా తిరిగి ఆ బోర్డు పీకించాడు. ఆ రోజు పబ్బులో అందరూ లేచి నిలబడి అతనికి చెయ్యి కలిపారు. అప్పట్నించీ ఏ గేటు మీద ఏ బోర్డు కనిపించినా అతనికి అది శత్రువు జెండాయే.

జానిస్ బంగాళాదుంపలు తీసుకుని లోపలికి వచ్చింది. కీత్ వంటింట్లో పాత పేపరు పరుచుకుని, ఈల వేసుకుంటూ బూట్లకి మైనం రాస్తున్నాడు.

"రేపు ఊరి పిల్లల నడకకి అందర్నీ ఎటు తీసుకెళ్దామనుకుంటున్నావు?" అంది.

"చర్చి దగ్గర్నుంచి లోర్నా పొలం మీదుగా ఏటి దాకా. ఎల్సీకి బాతుల్ని చూపిస్తానన్నాను."

షెడ్డు మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ బాటలు అతనివి, వంటిల్లు తనది. ఎప్పుడో కుదిరిపోయిన పంపకం అది. దుంపల తొక్క తీస్తూ ఊరుకుంది.

కూతురు రూత్ తన ఆరేళ్ళ పిల్ల ఎల్సీని మొదటిసారిగా వాళ్ళ దగ్గర వదిలి వెళ్ళి అప్పటికి రెండు రోజులు. చిన్నప్పుడు తండ్రి చూపించిన అడ్డదారిలో పడి చెయ్యి విరగ్గొట్టుకున్న పిల్ల రూత్. కారెక్కుతూ, "అమ్మా, నాన్న సంగతి నీకు తెలుసుగా. ఆయన ఎక్కడికి పదమంటే అక్కడికి దీన్ని పంపకు. నిన్ను చూసే వదిలి వెళ్తున్నాను" అంది.

ఆదివారం పొద్దున మబ్బు కిందికి దిగి కూర్చుంది. చర్చి గేటు దగ్గరికి టామ్సిన్ ఒక్కతే వచ్చింది. ఊరికి కొత్త, వీపు మీద సంచీలో నెలల బిడ్డ.

"ఇంతేనా మంది? నేనేదో తిరణాల అనుకుని వచ్చాను" అంది.

"వానంటే భయపడేవాళ్ళు ఈ దేశంలో ఎందుకు పుడతారో నాకర్థం కాదు" అన్నాడు కీత్.

"నేను లండన్ దాన్నండీ. మాకు వానంటే బస్సెక్కడమే."

"బస్సు రోజుకి రెండుసార్లు వస్తుందిక్కడ. రెండోది రానూవచ్చు, రాకపోనూవచ్చు."

ఎల్సీ పకపకా నవ్వింది. కీత్ వాళ్ళ కుక్క పెప్పర్ పిల్ల చుట్టూ తిరిగి బూట్లు వాసన చూసింది. అందరూ సరదాగానే బయల్దేరారు. జానిస్ మాత్రం వెనకబడి నడిచింది. సంచీలో ఫ్లాస్కు, కేకు ముక్కలు. వాటి బరువు మామూలే, అడుగులే పడటం లేదు.

లోర్నా గేటు దగ్గర ఇనుప కమ్మీల మీద తాళ్ళు ఒరుసుకున్న చోట్లు తెల్లగా మెరుస్తున్నాయి. కీత్ వాటి మీద చెయ్యి ఆనించి గేటు తీశాడు.

"పై సందులోంచి పోదాం కీత్" అంది జానిస్.

"పై సందులో కార్లు. పసిబిడ్డతో కార్ల మధ్య నడవమంటావా?"

"ఏం, ఇక్కడేమైనా ఉందా?" అని టామ్సిన్ జానిస్ వైపు తిరిగింది. కీత్ కూడా చూశాడు. కోపంగా కాదు. పబ్బులో చెయ్యి కలిపిన రోజు చూసినట్టు, నువ్వు నా పక్షమేగా అన్నట్టు చూశాడు.

"ఏం లేదమ్మా. బురద" అంది జానిస్.

"తాతా, పెప్పర్‌ని నేను పట్టుకుంటా" అంది ఎల్సీ.

"పట్టుకో బంగారం. పశువుల పొలంలో కుక్కని ఎట్టి పరిస్థితిలోనూ వదలకూడదు. బుద్ధున్నవాడి లక్షణం అది." తాడు పిల్ల మణికట్టుకి మెలి తిప్పి చుట్టాడు. "ఇప్పుడిక జారదు."

పొలం నడుమ మూపురంలా ఎత్తుగా ఉంది, అవతలేముందో కనిపించదు. గడ్డి తడిసి మోకాళ్ళకి తగులుతోంది. కంచె మీద కాకులుండాలి, లేవు. పాలవాసన, పేడవాసన కలిసి వస్తోంది గాని, కంటికి ఒక్క పశువూ లేదు.

"చూశావా, ఖాళీ" అన్నాడు కీత్, జానిస్‌కి మాత్రమే అర్థమయ్యేట్టు.

బాట పక్కన దురదగొండి పొదలో ఎర్రటిదేదో కదిలింది. చెవులు రెండూ పైకెత్తి ఒక లేగదూడ. ఇంకా బొడ్డు ఎండలేదు.

"అమ్మమ్మా, బుజ్జి దూడ" అంది ఎల్సీ. పెప్పర్ ఒక్కసారి మొరిగింది.

జానిస్ తలెత్తి చూసింది. ఎత్తు మీద ఆవులు నిలబడి ఉన్నాయి. ఎప్పుడొచ్చాయో తెలియదు. అరవలేదు, మెయ్యలేదు. ఆకాశానికి అడ్డంగా వరసగా నిలబడి చూస్తున్నాయి.

"కొత్తవాళ్ళని చూడాలని సరదా వాటికి, అంతే" అన్నాడు కీత్. "మామూలుగా నడవండి. పరిగెత్తకూడదు."

ఆవులు దిగడం మొదలుపెట్టాయి. ముందు నడక, తర్వాత ఉరుకు. దాటుమెట్లు ఇంకా దూరంగానే ఉన్నాయి. టామ్సిన్ చేతులు వెనక్కి పెట్టి బిడ్డ కాళ్ళు పట్టుకుంది. "కీత్, ఇవి ఆగేట్టు లేవండీ" అంది చిన్నగా.

ఆగాయి. వాళ్ళ చుట్టూ అరచందమామలా ఆగి బుసలు కొట్టాయి. ఒక్కొక్క తల ఎల్సీ అంత ఉంది. వాటి చూపు మనుషుల మీద లేదని జానిస్ గమనించింది. అన్నీ పెప్పర్‌నే చూస్తున్నాయి. పెప్పర్ వెళ్ళి ఎల్సీ కాళ్ళ మధ్య దూరింది.

"ఎల్సీ, తాడు వదిలెయ్."

"రావట్లేదు అమ్మమ్మా." కుక్క గుంజినకొద్దీ ముడి బిగిసి పిల్ల వేళ్ళు పాలిపోయాయి.

"వద్దు, వదలకూడదు" అన్నాడు కీత్. నోటికి పాతమాటే వచ్చింది. "పొలంలో కుక్కని వదలకూడదు జానిస్."

జానిస్ పేడలో మోకాళ్ళ మీద కూలబడింది. తాడు విప్పే వ్యవధి లేదు. తడిసిన బొచ్చులో వెతికి మెడపట్టీ కొక్కెం పట్టుకుంది. వేళ్ళు జారాయి. ఆవు ఊపిరి మెడ మీద వెచ్చగా తగిలింది. కొక్కెం ఊడింది.

పెప్పర్ బాణంలా దూసుకుపోయింది. ఆవులన్నీ ఒకే ఒళ్ళయినట్టు దాని వైపు తిరిగాయి. నేల అదిరింది. కీత్ దాని పేరు అరుస్తూ, చేతులు బార్లా చాపి వాటికి అడ్డం వెళ్ళాడు. ఒక ఆవు తల విదిలించింది. గడ్డిమోపు ఎగరేసినట్టు అతన్ని ఎగరేసి, ఆగకుండా పోయింది.

ఎల్సీని చంకనేసుకుని జానిస్ దాటుమెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. టామ్సిన్ అప్పటికే అవతల ఉంది. కాసేపటికి కీత్ కంచె కింది సందులోంచి పాక్కుంటూ వచ్చాడు, డొక్క పట్టుకుని, ముఖం సున్నంలా.

బిడ్డ ఇప్పుడు ఏడుపు అందుకున్నాడు. వాడిని సంచీలోంచి తీసి రొమ్ముకి హత్తుకుంటూ, "మీకు ముందే తెలుసా?" అంది టామ్సిన్.

బురద అని ఇంకోసారి అనొచ్చు. "తెలుసు" అంది జానిస్.

టామ్సిన్ బిడ్డని ఎత్తుకుని, వెనక్కి తిరక్కుండా ఏటి వెంట వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చేసరికి పెప్పర్ వాకిట్లో బల్ల కింద వణుకుతూ ఉంది. ఆసుపత్రిలో కీత్‌కి పక్కటెముకలు విరిగాయన్నారు. సాయంత్రం అతన్ని కుర్చీలో దిండ్ల మధ్య కూర్చోబెట్టి టీ ఇస్తే అతనన్న మొదటి మాట, "కుక్కని వదిలేశావు."

"కుక్కని కాకపోతే ఎల్సీని వదులుకోవాల్సొచ్చేది."

అతను కప్పులోకి చూశాడు. సోఫాలో ఎల్సీ నిద్రపోతోంది. దాని మణికట్టు చుట్టూ గాజులా ఎర్రటి వాత.

"రూత్‌కి చెప్పకు."

"చెప్పాను. బయల్దేరింది. దీన్ని తీసుకెళ్ళిపోతుంది."

"ఊరికే గాభరా పెడతావు. అవి చూడ్డానికి వచ్చాయంతే. పెప్పర్ మొరక్కపోతే..."

జానిస్ లేచి షెడ్డులోకి వెళ్ళింది. బోర్డు, సుత్తి, మేకులు పట్టుకుని వస్తుంటే కిటికీలోంచి అతని గొంతు వినిపించింది.

"జానిస్, అది పెట్టావంటే ఈ వేసవంతా ఒక్కడూ ఆ బాటలో నడవడు. బాట పోతుంది."

"పోనీ."

వేసవి కాబట్టి ఇంకా బోలెడు వెలుతురుంది. ఇనుప గేటుకి మేకు దిగదు. పక్కనున్న చెక్క గుంజకి బోర్డు ఆనించి కొట్టింది. మొదటి మేకు వంకరపోయింది. రెండోది దిగింది. మూడోది కొడుతుంటే సందులోంచి మాటలు వినిపించాయి. వానకోట్లలో భార్యాభర్తలు, ఒక పిల్లవాడు, గోధుమరంగు కుక్క. ఈ ఊరివాళ్ళు కారు.

భర్త చేతిలోని ఫోన్‌లో పటం చూసుకున్నాడు. "కాస్త జరుగుతారా అండీ? ఏటికి దారి ఇదేగా."

"ఇదే. కానీ లోపల ఆవులున్నాయి, దూడలతో. పై సందులోంచి వెళ్ళండి."

"ఇది అందరిదారేనండీ." అతను నవ్వాడు. మంచివాడి నవ్వు. "ఇలాంటి బోర్డులు ఊరికే బెదిరించడానికి పెడతారు లెండి. మా నాన్న ఎప్పుడూ అనేవాడు."

ఆ నవ్వు ఆమె ఎరిగినదే. ఏళ్ళ తరబడి అదే నవ్వుకి టీ కాచి పోసింది.

వెనక గడ్డిలో అడుగులు వినిపించాయి. జానిస్ తిరిగి చూడలేదు. గేటుకి వీపు ఆనించి, రెండు చేతులూ కమ్మీల మీద బిగించి నిలబడింది. కాలిబాటల కాపరి పెళ్ళాం దారికి అడ్డం నిలబడిందని రేపు ఊరంతా అనుకుంటుంది.

"దారి మీదేనండీ, కాదనను. నేను మాత్రం జరగను."

అతని నవ్వు తగ్గింది. భార్య అతని చెయ్యి పట్టి లాగింది. కదలలేదతను. పిల్లవాడు మాత్రం జానిస్ భుజం మీదుగా, ఆమె వెనక్కి వచ్చి నిలబడిన వాటిని నోరు తెరుచుకుని చూస్తున్నాడు. కుక్క తాడు వాడి మణికట్టుకి మెలి తిరిగి ఉంది.

మెడ మీద వెచ్చటి ఊపిరి తగులుతుండగా, "కన్నా, ముందు ఆ తాడు చేతి నుంచి విప్పుకో" అంది జానిస్.