గోడ అవతలి ఒకటిన్నర

గీజరు పెట్టించే ముందు లెక్క నేనే వేశాను. ముప్పై ఏళ్లుగా బట్టల కొట్టు నడుపుతున్నవాణ్ణి, కూడికకు ఇంకొకరెందుకు? ఇంటి వెనక భాగానికి పదహారు ఆంపియర్ల బ్రేకరు ఉంది. అంటే మూడు వేల ఆరు వందల ఎనభై వాట్లు మోస్తుంది. ఫ్రిజ్జు, ఇస్త్రీపెట్టె, ఫ్యాన్లు, దీపాలు కలిపి పదిహేను వందలు. గీజరు రెండు వేలు. పోగా నూట ఎనభై మిగులు.

కాగితం చూసి కరెంటు మేస్త్రి నవ్వాడు.

"బండి మోసేదంతా ఎక్కించేశారు షావుకారుగారూ. దారిలో గుంట వస్తే?"

"వచ్చినప్పుడు చూద్దాం. బిగించవయ్యా."

"బిగిస్తా. ముందు మీ సరుకంతా దించండి. ఖాళీ బండి చూడాలి."

మా ఆవిడ స్విచ్చులన్నీ ఆపి, ఫ్రిజ్జు ప్లగ్గు కూడా పీకింది. మేస్త్రి బోర్డు మూత తీసి, తీగ చుట్టూ పటకారులాంటి మీటరు తగిలించాడు. సున్నా రావాలి. ఒకటిన్నర ఆంపియర్లు చూపించింది.

"ఇంకా ఎవరో తింటున్నారండీ."

"నీ మీటరుకే ఆకలేస్తోందేమో!"

గదులన్నీ మళ్లీ చూశాం. ఏదీ నడవడం లేదు. "ఆపితే తెలిసిపోతుంది" అంటూ, మేస్త్రి వద్దనేలోపే చెయ్యి చాచి బ్రేకరు దించాను.

ఏదో శబ్దం ఆగిపోయింది. అంతసేపూ అది వినిపిస్తూనే ఉందని ఆగాకే తెలిసింది. గోడ అవతల కీచుమని అలారం మోగింది. వెంటనే దగ్గు.

"అయ్యో, అక్కయ్య!" అంది మా ఆవిడ.

గబుక్కున బ్రేకరు ఎత్తాను. గుర్రుమంటూ ఆ శబ్దం మళ్లీ మొదలైంది.

పన్నెండేళ్ల కిందట అన్నయ్యా నేనూ ఇల్లు పంచుకున్నాం. మధ్యలో గోడ లేపాం. తలుపులు, కుళాయిలు, మీటర్లు విడదీశాం. గోడలో దాగిన తీగ ఎవరికీ గుర్తు రాలేదు. ఇప్పుడు అన్నయ్య లేడు. ఊపిరితిత్తులు పాడైన వదినకు రెండేళ్లుగా ఆక్సిజన్ మిషన్ ఆగకూడదు.

పరుగున వెళ్లాం. ముక్కుకు గొట్టంతో మంచం మీద కూర్చుని ఉంది.

"ఏం మరిదీ, నన్ను పంపించేద్దామనా? కాస్త చెప్పి పంపకూడదూ!"

"ఈ ప్లగ్గు మా తీగ మీదుందని తెలీదా వదినా?"

"నాకేం తెలుసు? మా వైపు ఫ్యూజు ఎన్నిసార్లు ఎగిరిపోయినా ఇదొక్కటే పోయేది కాదు. నమ్మకమైందని మిషన్ దీనికే పెట్టుకున్నా."

మేస్త్రి ఆ ఒకటిన్నరను వాట్లలోకి మార్చి నా కాగితం అడుగున మూడు వందల యాభై వేశాడు. నూట ఎనభై మిగులు కాస్తా నూట డెబ్బై తరుగైంది. ఏదో ఒక ఉదయం గీజరు, ఇస్త్రీపెట్టె కలిసి నడిచేవి. బ్రేకరు దానంతటదే దిగేది. నేను కొట్లో ఉండేవాణ్ణి.

వెనక్కి వచ్చి ఆ తీగ చూశాను. అగ్గిపుల్లంత లావు కూడా లేని రాగి. మేం గోడ కట్టినా అది తన పని మానలేదు. ఎన్ని కొలతలు కొలిచాను! ఒక మనిషి ఊపిరికి ఒక అంకె ఉంటుందని, అది మా ఇంటి గోడలోంచే వెళ్తోందని ఎన్నడూ అనుకోలేదు.

"గీజరుకు మీటరు నుంచి వేరే తీగ లాగు. మా సామానంతా ఇంకో కొత్త తీగకు మార్చు. పాతది వదినకొక్కదానికే. పని జరిగినంతసేపూ ఆవిడ దగ్గర ఆక్సిజన్ సిలిండరు ఉండాలి."

"పదహారు మోసే బండికి ఒకటిన్నరేనా షావుకారుగారూ?"

"గుంటలుంటాయన్నావుగా."

మేస్త్రి మీటరు తీయబోతే, ఇంకాసేపు ఉంచమన్నాను. అంకె ఒకటిన్నర దగ్గరే నిలకడగా ఉంది. మా ఆవిడ వచ్చి పక్కన నిలబడింది. ఇద్దరం ఆ అంకెనే చూస్తూ ఉండిపోయాం.