కారుణ్య నియామకంలో రాక్షసుడు

నా భార్య కెజియా పోయిన తరువాత నాకు రాక్షసుడి ఉద్యోగం వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగి సర్వీసులో ఉండగా చనిపోతే ఇంట్లో ఒకరికి కారుణ్య నియామకం కింద ఉద్యోగం ఇస్తారు. ఆమె ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సు. నాకు అప్పటికే హైస్కూల్లో తెలుగు చెప్పే ఉద్యోగం ఉంది కాబట్టి ప్రభుత్వం వారి నియమం నాకు వర్తించదు. రాక్షసుడి పోస్టుకు అలాంటి అభ్యంతరాలు లేవు. అర్హత ఒకటే, గురక పెట్టాలి.

ఆ ఉద్యోగం ఆమె ఫోనులో ఉంది. ఉప్పుకోట అనే గేమ్. అందులో బొమ్మలు లేవు, చప్పుళ్ళు లేవు, అంతా రాతే. "నేను గుర్రం దిగి కోట తలుపు తట్టాను" అని ఒకరు రాస్తే, "లోపల ఎవరో దగ్గారు" అని ఇంకొకరు రాస్తారు. ఆడేవాళ్ళు తలా ఒక వేషం వేసుకుని, ఎక్కడివాళ్ళు అక్కడి నుంచే ఒకే కథలో తిరుగుతుంటారు. ఆ లోకాన్ని కట్టింది కెజియా. కోట, అడవి, ఉప్పు చెరువు, చెరువు దాటే రేవు, అన్నీ ఆమె రాసినవే. రోగులు లేని మధ్యాహ్నాలు ఆమె ఫోనులో ఏదో ఆడుకుంటుందని నాకు తెలుసు. అందులో నేను ఉన్నానని తెలియదు.

అడవి చివర గుహలో ఒక రాక్షసుణ్ణి పెట్టింది. వాడు గురక పెడితే చెట్ల మీది పక్షులు పక్క మండలానికి వెళ్ళిపోతాయి. కళ్ళజోడు దొరకకపోతే మనుషులను తినడు. తినే ముందు వాళ్ళ మాటల్లో తప్పులు దిద్దుతాడు. దిద్దించుకున్నవాళ్ళు చాలామంది విసిగిపోయి తమంతట తామే నోట్లోకి దూకుతారు. వాడి పేరు పక్కన 'ఈ వేషం ఖాళీగా ఉంది' అని రాసి ఉంది. చేరిపోయాను.

మా పాస్టర్ సమాధానం గారు పరామర్శకు వచ్చినప్పుడు, సంఘ పెద్దగా ఉండి ఈ రాక్షస వేషం ఏమిటి సంజీవరావు గారూ అని బాధపడ్డారు. ఆదివారాలు ఎవరినీ తినడం లేదని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, ప్రార్థన చేసి, వెళుతూ వెళుతూ ఆ గేమ్ పేరు ఇంకొకసారి చెప్పమన్నారు.

నేను రోజూ అక్కడికి పోయేది మనుషులను తినడానికి కాదు. చెరువు రేవులో సుంకాల అవ్వ అని ఒక ముసలామె కూర్చుని ఉంటుంది. ఆమె వేషం వెనక మనిషి ఎవరూ లేరు. మనం రాసిన దానిలో ఏ మాట ఉంటే ఆ మాటకు కెజియా ముందే రాసిపెట్టిన జవాబు దానంతట అదే వస్తుంది. కత్తి దూశానని రాస్తే, "దూసినావులే, ముందు ఆ చేయి కడుక్కో" అంటుంది. గాయమైందంటే, "టీటీ ఇంజెక్షన్ వేయించుకొని ఎన్నాళ్ళయింది నాయనా" అంటుంది. యువరాణిని తేవడానికి పోతున్నానంటే, "ఆ పిల్లని అడిగినావా" అంటుంది. అది మా ఇంట్లో వినిపించిన గొంతే. పొద్దున బడికి పోయే ముందు రేవులో నిలబడి రెండు తిట్లు తినిపోయేవాణ్ణి.

ఉప్పుకోటకు రాజు పెంచల్. బుచ్చిరెడ్డిపాలెంలో రైసుమిల్లు గుమాస్తా. అతను పరాక్రమం వల్ల రాజు కాలేదు. మిగిలినవాళ్ళంతా ఒక్కొక్కరే మానేస్తుంటే ఇతను మానలేదు, అంతే. పరీక్షలు ముగిసే రోజుల్లో అతను నాకు ఫోన్ చేశాడు. గేమ్ నడిపే కంపెనీ కబురు పంపిందట. వేసవి ఆఖరుకు ఏ లోకంలో జనం పలచగా ఉంటే ఆ లోకాన్ని మూసేస్తారు. అందులో రాసిందంతా దానితోపాటే పోతుంది.

"అవ్వ మాటలు కాగితం మీద ఎక్కించుకోండి సార్," అన్నాడు. "నా రాజ్యం సంగతి వదిలేయండి. మిల్లులో కూడా నా మాట ఎవరూ వినరు."

ఎక్కించుకోవచ్చు. కానీ నాకు గాయమైందని చెబితే కాగితం నన్ను తిట్టదు. రేవు నిలవాలి. రేవు నిలవాలంటే జనం రావాలి.

మా ఊరు చిట్టమూరు దాటి ఉప్పునీళ్ళ వైపు పోతే వస్తుంది. ఒక పక్క సముద్రం, ఒక పక్క సరస్సు పాయ. వేసవిలో సముద్రం మీద వేట నిషేధం. సరస్సు చూస్తే ఎండలకు బురదగా మిగులుతుంది. పడవలు ఒడ్డెక్కుతాయి, మగవాళ్ళు వలల పందిరి కిందికి చేరతారు. వలలు బాగుచేసుకోవడం తొందరగానే అయిపోతుంది. ఆ తరువాత పేకాట, ఆ తరువాత పేకాటలో తగవు.

తగవులు తీర్చే పెద్దల్లో చిన్నపోలయ్య ఒకడు. అతనికి గేమ్ సంగతి వివరంగా చెప్పాను. కోట గురించి, చెరలో ఉన్న యువరాణి గురించి, రాక్షసుడి ప్రతాపం గురించి కొంచెం పెంచి చెప్పాను. అతను చివరిదాకా ఓపికగా విని, ఆ చెరువులో ఏం చేపలుండాయని అడిగాడు. ఫోనులో వెతికాను. కెజియా 'చేపలు' అని మాత్రమే రాసింది. పందిరి కింద అందరికీ మనసు నొచ్చింది.

"చేపలంటే ఏంది సారూ," అన్నాడు చిన్నపోలయ్య. "పెళ్ళిచూపులకి పోయి, పిల్ల ఎట్టా ఉండాది అంటే, మనిషే అన్నట్టుండాది."

ఏయే చేపలు ఉండాలో వాళ్ళే చెప్పారు, నేను రాశాను. ఆ చర్చ ముగిసేసరికి పందిరంతా ఉప్పుకోటలో ఉంది. పెంచల్ సంతోషం పట్టలేక పక్క దేశం మీద యుద్ధం ప్రకటించాడు. ఒక్కరూ కదలలేదు. అందరూ చెరువు గట్టు మీద కూర్చున్నారు. యువరాణిని విడిపించిన వీరుడికి సగం రాజ్యం ఇస్తానన్నాడు. ఆమెను పెట్టిన చోట నీళ్ళు ఎంత లోతుంటాయని ఎవరో అడిగారు. నా గుహ వైపు వచ్చే దారిలో గడ్డి మొలిచింది.

అట్లా అని వల కూడా ఎవరూ వేయలేదు. మా సరస్సులో ఎవరు ఏ రోజు ఎక్కడ వల వేయాలో చీట్లు తీసి తేలుస్తారు. మంచి చోటు ఎప్పుడూ ఒకడికే దక్కకుండా వంతు తిరుగుతూ ఉంటుంది. చీటీ పడకముందే నీళ్ళలో వల దించినవాణ్ణి ఊరు క్షమించదు. లేని చెరువైనా చెరువే కదా అని చిన్నపోలయ్య తీర్పు చెప్పాడు. పందిరి కింద కుండలో పేర్లు వేసి చీట్లు తీశారు. వంతులు తేలిన వెంటనే పెంచల్ తన రాజనౌకను ఎవరి వల మీదుగానో నడిపించాడు. పంచాయితీ పెట్టారు. తాను రాజునని పెంచల్ రాశాడు. రాజుకు కళ్ళుండవా అని వాళ్ళు రాశారు. శిక్షగా ఆ ఆదివారమంతా అతను అందరి పడవల్లో నీళ్ళు తోడాలన్నారు. "తోడుతున్నాను" అని రాస్తూ అతను రోజంతా ఫోను పట్టుకుని కూర్చున్నాడు. తన పరిపాలనలో ఇంత మంచి రోజు లేదని సాయంత్రం నాకు చెప్పాడు.

ఈ సంగతి దొరవారిసత్రం వైపు సరస్సు ఊళ్ళలో ఒకదానికి చేరింది. చేరేటప్పుడు కొంచెం మారింది. మావాళ్ళు ఎక్కడో కొత్త చెరువు కనిపెట్టి, చడీచప్పుడు లేకుండా తమలో తామే వంతులు వేసుకుంటున్నారని వాళ్ళకు తెలిసింది. ముత్యాలయ్య అనే పెద్దాయన ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని ఆటోలో వచ్చి పందిరి ముందు దిగాడు. ఆ చెరువులో తమ ఊరి వంతు ఏదని అడిగాడు. చిన్నపోలయ్య ఫోను చూపించాడు. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని కిందిదాకా చదివాడు. ఇక నవ్వి వెళ్ళిపోతాడనుకున్నాను.

"ఫోన్లో ఉంటే మాత్రం," అన్నాడు ముత్యాలయ్య, "మమ్మల్ని ఒక మాట అడగాల కదా."

ఆ ఊరు ఊరంతా చేరింది. ఉప్పుకోటలో కాలు పెట్టే సందు లేదు. 'ఉపవాస వీరుడు' అనే కొత్త వేషం కూడా ఒకటి కనిపించింది. అదెవరో నేను పాస్టరు గారిని అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మా పందిరి కింద తీసిన చీట్లు చెల్లవని ముత్యాలయ్య ఊరు పట్టుబట్టింది. వాళ్ళ ఊళ్ళో తీస్తే చెల్లవని మావాళ్ళన్నారు. చీట్లు చెరువు గట్టునే తీయాలని, రెండు ఊళ్ళకూ చెందని మనిషి తీయాలని చివరకు ఒప్పందమైంది. రేవులో సుంకాల అవ్వ ఉంది. ఆమె ఏ ఊరిదీ కాదు. ఒక పొద్దున అందరూ రేవు చుట్టూ చేరారు. చిన్నపోలయ్య మర్యాదగా రాశాడు: అవ్వా, రెండు ఊళ్ళ తరఫునా అడగతా ఉండాం, వంతులు నువ్వే తేల్చాల.

"ఏ ఊరైనా వరసలోనే రావాల. ముందు కూర్చోండి," అంది అవ్వ.

రెండు ఊళ్ళూ వరసగా కూర్చున్నాయి. మళ్ళీ అడిగారు. అదే జవాబు. ఇప్పటికే కూర్చున్నామని మూడోసారి చెప్పుకున్నారు. మళ్ళీ కూర్చోమంది. అవ్వను మావాళ్ళు ముందే మాట్లాడి పెట్టుకున్నారని ముత్యాలయ్య రాశాడు. ఆ తరువాత మావాళ్ళు రాసినవి నేను ఇక్కడ రాయలేను. మరునాటికి వంతులు తేలకపోతే తమ ఊరు గేమ్ నుంచి వెళ్ళిపోతుందని ముత్యాలయ్య తేల్చి చెప్పాడు. వాళ్ళు లేకపోతే ఇంక ఎవరితో తగువు పడాలని మావాళ్ళూ సంచి సర్దుకున్నారు. వేసవి ఆఖరు దగ్గరలోనే ఉంది.

మధ్యాహ్నానికి ముందే సామ్రాజ్యం మా ఇంటికి వచ్చింది. చిన్నపోలయ్య భార్య. రెండు వైపుల ఊళ్ళలోనూ గంప దించి చేపలు అమ్ముతుంది. బేరం ఆడినవాళ్ళను రెండు వైపులా సమానంగా తిడుతుంది. ఆమె గేమ్‌లో చేరలేదు, మొగుడి ఫోనులో అంతా చూసింది.

"ఆ ముసిల్దాన్ని తీసేసి రేవులో ఒక మనిషిని పెట్టు సారూ," అంది. "అడిగిన దానికి చెప్పదు. చెప్పిందే చెప్తా ఉండాది."

ఆ ముసలామె కెజియా అని చెప్పాను. ఆమె రాసిపెట్టిన మాటలని, మనిషిని కూర్చోబెడితే ఆ మాటలు చెరిగిపోతాయని చెప్పాను.

సామ్రాజ్యం గడప మీద కూర్చుంది. ఆమె కాన్పులు చేసింది కెజియానే.

"నేను నొప్పులు పడతా ఉంటే కెజియమ్మ నన్ను తిట్టింది," అంది. "నేనూ తిరిగి తిట్టినా. అప్పుడు నవ్వింది. ఈ ముసిల్ది నేను ఏమన్నా నవ్వదు సారూ."

టీ పెడతానన్నాను. పాలు లేవు. ఆమె పరవాలేదని వెళ్ళిపోయింది.

కెజియా పాస్‌వర్డ్ నా దగ్గర ఉంది. అవ్వ పేరు పక్కన 'మనిషికి అప్పగించు' అని ఒక మాట ఉంటుంది. దాన్ని నొక్కితే పాత జవాబులు తిరిగి రావని కింద హెచ్చరిక ఉంది. నేను ముందు రాక్షసుణ్ణి రేవుకు తీసుకుపోయాను. అలిగిన జనం లేచిపోయారు కాబట్టి అక్కడ ఎవరూ లేరు. తోచిన మాటలన్నీ రాశాను. వాన అన్నాను, జ్వరం అన్నాను, అప్పడాలు అన్నాను. కొన్నిటికి జవాబు ఉంది. జవాబు లేని మాట పడితే అవ్వ "ఊఁ" అంటుంది. నా పేరు రాశాను. "ఊఁ" అంది. గురక అని రాశాను.

"ఆ గుహలో వాణ్ణి లేపొద్దండి. రేపు బడి ఉండాది."

ఇది నేను ఎప్పుడూ చూడలేదు. మళ్ళీ గురక అని రాశాను, మళ్ళీ అదే వచ్చింది. ఎండ వాలేదాకా అదే రాస్తూ ఉన్నాను. ప్రతిసారీ అక్షరం తేడా లేకుండా అదే వచ్చింది. చివరకు, "సెలవుల్లో కూడానా?" అని అడిగాను.

"ఊఁ," అంది.

నొక్కేశాను.

మరునాడు సుంకాల అవ్వ స్థానంలో సామ్రాజ్యం కూర్చుంది. ఆమె తిట్లు రెండు ఊళ్ళూ తిన్నవే కాబట్టి ముత్యాలయ్య కూడా అభ్యంతరం చెప్పలేదు. ఆమె టైపు చేయదు. నోటితో చెబితే ఫోనే రాసుకుంటుంది, అందుచేత మాట ఎట్లా ఉంటే అట్లాగే రేవులో పడుతుంది. అవ్వను ముందే మాట్లాడుకున్నారన్న ముత్యాలయ్య చేత ముందు ఆ మాట వెనక్కి తీయించింది. తన మొగుణ్ణి గట్టు మీద నుంచి లేపి చివర కూర్చోబెట్టింది. తరువాత చీట్లు తీసింది. మొదటి వంతు ఉపవాస వీరుడికి పడింది. ఆయన అడగకుండానే అందరికీ చేపలు పంచాడు.

వేసవి అయిపోయింది. ఉప్పుకోటను మూయడం లేదని కంపెనీ రాజుకు కబురు పెట్టింది. నిషేధం తీరి మగవాళ్ళు సముద్రం మీదికి పోయారు. ఆటలో వంతు తప్పకూడదని ఫోన్లు ఇంట్లో ఆడవాళ్ళకు అప్పజెప్పి పోయారు. దానివల్ల తగవులు తగ్గలేదు, భాష మాత్రం ఇంకా బాగుపడింది.

నేను చాలాకాలం గుహలోనే ఉండిపోయాను. బడి తెరిచాక ఒక సెలవు రోజున రాక్షసుడు బయలుదేరి రేవుకు వచ్చాడు. వరసలో నిలబడ్డాడు. వంతు వచ్చాక, రేవు దాటాలని రాశాను. పొద్దున ఏం తిన్నావని అవ్వ అడిగింది. ఇద్దరు సైనికులను తిన్నానని, వాళ్ళకు వాక్యం కూర్చడం రాదని రాశాను.

"వాళ్ళ సంగతి సరే. నువ్వేం తిన్నావు సారూ?"

ఇది ఎవరూ ముందుగా రాసిపెట్టిన ప్రశ్న కాదు. నేను ఏం చెబుతానో ఆమెకు తెలియదు. వెనక పడవలు ఆగిపోయాయి. రాక్షసుడు అడ్డం తొలగాలని రాజు రాశాడు. మా ఊరి ఆడవాళ్ళు రాశారు, ముత్యాలయ్య ఊరి ఆడవాళ్ళు రాశారు. పంచాయితీ లేకుండా రెండు ఊళ్ళూ ఒక మాట మీద నిలబడటం అదే మొదలు.

ఏమీ తినలేదని రాశాను.

"అయితే పక్కకు జరుగు. తిని వచ్చినాక దాటుదువు. పడవ యాడికీ పోదు."

రాక్షసుడు పక్కకు జరిగాడు. పడవలు కదిలాయి. నేను ఫోను బల్ల మీద పెట్టి, బియ్యం కడగడానికి లేచాను.