పగడపు దీవిలో లోకో పైలట్

తిరుమలరావు ముప్పై నాలుగేళ్ళు బొగ్గు రైళ్ళు నడిపి మార్చి ఆఖరున బిలాస్‌పూర్‌లో రిటైరయ్యాడు. ఏప్రిల్‌లో భార్య ఉషారాణితో లక్షద్వీప్‌లోని ఓ పగడపు దీవికి టిక్కెట్లు తీశాడు. సముద్రం అడుగున తాబేలు ఈదుతుంటే చూడాలి. ఆయన కోరిక అదొక్కటే.

దీవిలో జనాన్ని సముద్రం అడుక్కి దింపే శిక్షకుడు ఫోనులోనే షరతు చెప్పాడు. గాలి గొట్టం నోట్లోంచి వదిలేసినవాళ్ళను వెంటనే పైకి తెచ్చేస్తాడు. మళ్ళీ దింపడు.

సాధనకు తిరుమలరావు ఊళ్ళో ఈతకొలనుకు వెళ్ళాడు. బావమరిది నూకరాజు ఓ గొట్టం ఇచ్చి తల ముంచమన్నాడు. అర నిమిషానికి నీళ్ళలో ఎవరిదో కాలు కనపడింది. తిరుమలరావు చెయ్యెత్తి "కాలు!" అన్నాడు. గొట్టం ఊడింది. నీళ్ళు మింగి లేచాడు.

"ఏటి బావా, కాలు కనపడితే అరవాలా?"

"కనపడింది కదేటి మరి!"

ఇంజన్‌లో పద్ధతి అది. సిగ్నల్ కనపడగానే పైలట్ చెయ్యెత్తి రంగు గట్టిగా చెప్పాలి. పక్కనున్న అసిస్టెంట్ తానూ చూసి, అదే తిరిగి చెప్పాలి. నాలుగు రోజులు సాధన చేసినా తిరుమలరావు నోరు ఆగలేదు. నూకరాజు చేతులెత్తేశాడు.

అయిదో రోజు గట్టు మీద కూర్చున్న ఉషారాణి లేచింది.

"నేను అసిస్టెంటుగా దిగుతానండీ. ఏటి కనపడినా నా చెయ్యి నొక్కండి. నేను తిరిగి నొక్కుతాను."

"నీకు నీళ్ళంటే భయం కదే?"

"భయమే. టిక్కెట్లు తీసీసారు కదా మరి."

ఆ రోజు గొట్టం ఊడలేదు.

దీవిలో శిక్షకుడు, అతని సహాయకుడు చెరొకరిని పట్టుకుని దింపారు. చారల చేప కనపడింది. తిరుమలరావు నొక్కాడు. ఉషారాణి నొక్కింది. పగడపు దిబ్బ పక్కనుంచి తాబేలు వచ్చింది. బారెడు దూరంలో ఆగింది. ఆయన గొట్టాన్ని పళ్ళతో బిగబట్టి ఆమె చెయ్యి నొక్కేశాడు. ఆమె నొక్కింది. తాబేలు ఊపిరికోసం పైకి వెళ్ళిపోయింది.

పడవెక్కగానే అడిగాడు. "దాని డిప్ప మీద నాచు చూసావా?"

"దేని డిప్పండీ?"

"తాబేలుదే!"

"దిగిన కాడ్నుంచి కళ్ళు మూసుకునే ఉన్నాను."

తిరుమలరావు లేచి నిలబడ్డాడు. పడవ ఊగింది. "చూడకుండా ఎలా నొక్కావే?"

"మీరు నొక్కారు, నేను నొక్కాను."

"సిగ్నల్ చూడకుండా పలికితే ఏటవుద్దో తెలుసా? సస్పెన్షన్!"

"అచ్ఛా, చేసీండి. ముందు కూర్చోండి, పడిపోతారు. తాబేలు కనపడిందా, నేదా?"

"కనపడింది."

"ఎలగుందో చెప్పండి మరి."

ఆయన కూర్చుని తల దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. పడవ ఒడ్డు చేరేసరికి ఇంకా ముందు కాళ్ళ దగ్గరే ఉన్నాడు.