మూడు రోజుల వంకాయ కూర

నేను ఒక స్టీలు మూతగిన్నెను. నా పొట్ట మీద "పెదపాటి వారి కానుక" అని చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటుంది. ఆ పెదపాటి వారు నన్నొక గృహప్రవేశంలో ఇచ్చారు. పుచ్చుకున్నవాళ్ళు అట్టపెట్టె విప్పకుండానే ఓ బారసాలలో చదివించారు. వాళ్ళు ఇంకో పెళ్ళిలో. కానుక ఇవ్వడం కంటే వదిలించుకోవడమే మనుషులకు బాగా చేతనవును. అలా చేతులు మారి మారి కాకినాడలో హైమావతి గారి వంటింటికి చేరాను. పెట్టె విప్పింది ఆవిడే.

ఇంట్లో ఉండేది మొగుడూ పెళ్ళామూ, ఇద్దరే. హైమావతి వండేది మాత్రం అయిదుగురికి. "వేళకి ఎవరైనా వస్తే?" అనేది. తొమ్మిదేళ్ళలో వేళకి వచ్చినవాళ్ళు ఇద్దరు. అందులో ఒకరికి ఆ రోజు ఉపవాసం.

పొద్దుటి కూర రాత్రి కంచంలో కనబడితే సన్యాసిరావు గారు "ఇదేనా?" అనేవారు. ఆ ఒక్క మాటకి మళ్ళీ పొయ్యి వెలిగేది. మరి మిగిలింది? పారేయడం పాపమని హైమావతి నమ్మకం. అందుకని పారేసేది కాదు. నాలో వేసి, మూత పెట్టి, ఫ్రిజ్‌లోకి తోసేది. పాపం మూడు రోజులు వాయిదా పడేది, అంతే. ఆ తరవాత పనిమనిషి నూకరత్నం తెచ్చుకున్న డబ్బాలోకి పోయేది.

ఓ శుక్రవారం గుత్తివంకాయ కూర నా వాటాకి వచ్చింది. శనివారం పెరుగు గిన్నె వచ్చి నన్ను వెనక్కి నెట్టింది. ఆదివారం నా మొహం చూసినవాళ్ళు లేరు. సోమవారం హైమావతి మూత తీసి, ముక్కు పక్కకి తిప్పుకుని, "బానే ఉంది," అంది. గిన్నెలు తోముతున్న నూకరత్నాన్ని పిలిచింది.

"రత్నం, ఈ కూర పట్టుకెళ్ళవే. పారేయడానికి ప్రాణం ఒప్పట్లేదు."

రత్నం చేతులు తుడుచుకుని నాలోకి తొంగి చూసింది.

"ఎప్పటిదండి?"

"మొన్నటిదేలే."

"మరి మీరు తినేయండమ్మగారు."

"మాకు పడదే."

"మీకు పడంది మాకెలా పడుద్దండి? మాదీ కడుపేనండి."

కోపంగా అనలేదు. అనేసి మళ్ళీ కుళాయి దగ్గర కూర్చుంది. హైమావతి మొహం మాత్రం కందగడ్డయింది. రత్నం వెళ్ళాక మొగుడి మీద విరుచుకుపడింది. "చూశారా దాని పొగరు! పెడితే వంకలు!"

సన్యాసిరావు గారు పేపరు దించకుండానే, "రేపు మానేస్తే గిన్నెలు నువ్వే తోముకోవాలి," అన్నారు. ఆయన బాధ ఆయనది.

హైమావతి విసురుగా వంటింట్లోకి వచ్చింది. కూర బాగానే ఉందని తనకి తాను రుజువు చేసుకోవాలనుకుందో ఏమో, ఓ ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. మరుక్షణం సింకులో ఉమ్మేసింది. నోరు పుక్కిలించి, పుక్కిలించి, సింకు అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ రత్నానికి ఏమేం పెట్టిందో, ఆ రోజు మొదటిసారి దాని రుచి తెలిసింది.

మర్నాడు రత్నం మానేయలేదు. ఎప్పటి వేళకే వచ్చింది. రత్నం పని ముగించి చెంగు దులుపుకుంటుంటే, హైమావతి పొయ్యి మీంచి అప్పుడే దింపిన బెండకాయ వేపుడు, ఇంకా తాము ముట్టనిది, నాలో వేసింది.

"ఇప్పుడే దింపాను. చెయ్యి కాలుతుంది, జాగ్రత్త," అంది. క్షమించమని అడగడం ఆవిడకి రాదు.

రత్నం ఓసారి ఆవిడ మొహంలోకి చూసి, నన్ను చెంగులో చుట్టుకుంది. ఆ ఇంటికి వచ్చాక గుమ్మం దాటడం నాకదే మొదలు. రత్నం ఇంట్లో వేపుడు నాలో పది నిమిషాలు కూడా నిలవలేదు. చివరి ముక్క కోసం ఆవిడ కూతుళ్ళిద్దరూ జుట్లు పట్టుకున్నారు. అంత గౌరవం నాకెప్పుడూ దక్కలేదు.

కూర వచ్చిన గిన్నెను వట్టిగా తిప్పి పంపరు కదా. మర్నాడు పచ్చిమిరపకాయ వేసి నూరిన గోంగూర పచ్చడితో తిరిగొచ్చాను. హైమావతి వేలితో తీసి నాకి చూసి, కళ్ళు మూసుకుంది.

"కూర్చోవే," అంటూ రెండు కంచాలు దించింది.

ఇద్దరూ వంటింట్లో నేల మీద ఎదురెదురుగా కూర్చుని, వేడన్నంలో పచ్చడి కలుపుకుంటూ, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా ఆపకుండా తిన్నారు. భోజనానికి వచ్చిన సన్యాసిరావు గారు అన్నం గిన్నె మూత తీసి అక్కడే ఆగిపోయారు.

"అయిపోయిందండీ," అంది హైమావతి వేళ్ళు నాక్కుంటూ. "కాసేపు కూర్చోండి, మీ ఒక్కరికీ వండుతాను."