కనురెప్ప కింద ఎరుపు

ఉసిరిరసం ఎప్పుడు పిండాలన్న దగ్గర ఆరాయి ఎవరి మాటా వినదు. పొయ్యి మీద ఇనుప చట్టిలో మునగాకు, కందిపప్పు, చిన్నుల్లి, మిరియాలు కుతకుతమంటున్నాయి. సెగ మీద ఉండగా పిండితే పులుపులోని బలమంతా ఆవిరై పోతుందని ఆమె పట్టుదల. చట్టి దించాలి, గరిటె తిప్పుతూ నూరు లెక్కపెట్టాలి, అప్పుడు గుడ్డలో కట్టిన ఉసిరి తురుము పిండాలి. పిండగానే ఆకుపచ్చ చారు ఇనుముతో కలిసి నల్లగా మారుతుంది. ఆ నలుపు చూసి కొత్తగా పనిలో చేరిన పిల్లలు మొహం చిట్లిస్తారు. చిట్లించనీ, వాళ్లే నెల తిరిగేసరికి గ్లాసు అడుగు దాకా ఊడ్చుకుని తాగుతారు.

పీలమేడులో ఆ నూలు మిల్లు వెనక గేటు పక్కన, రేకుల పంచ కింద ఆమె పన్నెండేళ్లుగా ఈ పని చేస్తోంది. మొదట్లో దీన్ని ఆకుచారు అనేవాళ్లు. మిల్లు ఆసుపత్రి నర్సమ్మ సూపు అన్నాక ఆ పేరే నిలిచిపోయింది. నెయ్యి లేదు, మజ్జిగ లేదు, మాంసం ముక్క అసలే లేదు.

"ఎముక వేయని సూపులో సత్తు యాడుంటుంది అక్కా?" అంటాడు పక్కన టీ అంగడి మారిముత్తు. అతని కడుపుమంట వేరే. సూపు తాగిన వాళ్లు గంట దాకా టీ ముట్టకూడదని ఆరాయి కట్టడి పెట్టింది. టీ పడితే ఆకులోని బలం ఒంటికి పట్టదంటుంది.

"మరి నీవు దినానికి ఆరు గ్లాసుల టీ తాగతావే?" అంటాడతను.

"నాకేమప్పా! నేను గేటు బయట ఉండేదాన్ని" అనేసి ఏడో గ్లాసుకు చెయ్యి చాస్తుంది. ఆకలి చంపుకోవడానికి ఆ టీయే ఆమెకు భోజనం. తను వండిన సూపు తను ఒక్కనాడూ తాగి ఎరగదు. ఇంకెవరికో తక్కువ పడుతుందని భయం.

ఎండుపుల్లలాంటి మనిషి. రీలింగు ఖాతా అనే మిల్లు విభాగంలో ఇరవై ఏళ్లు నూలు చుట్టి చుట్టి వేళ్ల కొసలు చీలికలు పడ్డాయి. బరువు కమ్మలు మోసి సాగిన చెవితమ్మెలు ఇప్పుడు వట్టిగా వేలాడుతున్నాయి. మిల్లు గోడలోని పెద్ద ఫ్యాను రోజంతా దూది ధూళిని ఆమె పంచ మీదికే ఊదుతుంది. రేకుల మీద, కనుబొమల మీద, చెంపల మీద ఎక్కడ చూసినా తెలుపే. ఆమె తలలో నెరసినది ఎంతో, దూది ఎంతో ఎవరూ చెప్పలేరు.

గ్లాసు అందించే ముందు ఆరాయి ఒక పని చేస్తుంది. మసి అంటిన బొటనవేలితో ఎదుటి మనిషి కంటి కింది రెప్పను లాగి చూస్తుంది. లోపల ఎర్రగా ఉంటే ఒక గరిటె, పాలిపోతే రెండు. మొహం వైపు మాత్రం చూడదు. మొహాన్ని నమ్మి ఒకసారి కొంప ముంచుకుంది.

ఆ కథ ఏం చెప్పమంటారు! కూతురు సెల్లమ్మాళ్ కూడా రీలింగులోనే ఉండేది. కడుపుతో ఉండగా ఒకనాడు తెల్లగా పాలిపోయి ఇంటికొచ్చి "తల తిరగతా ఉండాదమ్మా" అంటే, మొహం మీద దూది అనుకుంది తల్లి. మిల్లులో ఎవరి మొహం తెల్లగా ఉండదు గనక? "పోయి నీళ్లు పోసుకో, అంతా సరవుతుంది" అంది. సెల్లమ్మాళ్ నీళ్లు పోసుకుంది, జుట్టు ఆరబెట్టుకుంది. అప్పటికీ తెల్లగానే ఉంది. కాన్పులో బిడ్డతో పాటు పోయింది. దూది రెప్ప లోపలికి పోదన్న సంగతి ఆరాయికి ఆ తర్వాత తెలిసింది.

ఇప్పుడు మిల్లు పిల్ల వళ్లికి ఏడో నెల. అదే ఖాతా, అదే పాలిపోయిన రెప్ప. రక్తం ఊరకపోతే తల్లీబిడ్డల్లో ఎవరికీ హామీ లేదని మిల్లు డాక్టరు చెప్పేశాడు. నెల రోజులుగా ఆరాయి రోజూ ఆ పిల్ల కన్ను లాగి చూస్తోంది, రోజూ నిట్టూరుస్తోంది.

మధ్యాహ్నం మిల్లు కూత మోగింది. ఆడవాళ్లు బిలబిలమంటూ వచ్చి వరుస కట్టారు. రెప్ప లాగడం, గరిటె ముంచడం, చెయ్యి చాస్తే గ్లాసు పెట్టడం. వరుస సగమయ్యాక ఆమె బొటనవేలు ఒక చెంప మీద ఆగిపోయింది. అబ్బ, ఏం చలువ! బావినీళ్లు తగిలినట్టుంది. రెప్ప లాగితే ఎరుపు కాదు కదా, సన్నని నరమైనా లేదు. బతికున్న మనిషిలో అంత తెలుపు ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఎన్నాళ్లుగా తల తిరగతా ఉండాది అమ్మిణీ?"

"పన్నెండేళ్లుగా."

ఆరాయి తల ఎత్తాలన్నా మెడ కదల్లేదు. ఎదుట దూది అంటిన కొంగు, మోకాళ్ల దాకా జారిన తడి జుట్టు. చల్లటి బొటనవేలు ఒకటి వచ్చి ఆమె కింది రెప్పను మెల్లగా లాగింది. అంత మెల్లగా ఆమెను ఎవరూ తాకి ఎన్నేళ్లయిందో!

"ఈ దినం ఒక గ్లాసు నీవు తాగమ్మా" అంది ఆ గొంతు.

"పెద్దమ్మా, ఎవరితో మాటలాడతా ఉండావు?" వరుసలో తర్వాత నిలబడిన మీనాంబాళ్ వింతగా చూస్తోంది. ఆరాయికీ మీనాంబాళ్‌కూ మధ్య ఎవరూ లేరు. ఎండ మాత్రం పడుతోంది. ఆరాయి మిగతా అందరికీ పోసింది. చట్టి అడుగున మిగిలిన చివరి గ్లాసు పక్కన పెట్టి మూత వేసుకుంది. కూతురు చెప్పింది కదా, తాగుదామనే అనుకుంది.

ఇంతలో వళ్లి వచ్చింది, రెండు చేతులతో నడుము పట్టుకుని. మేస్త్రీ ఆలస్యంగా వదిలాడట. ఆరాయి రెప్ప లాగింది. మళ్లీ లాగింది. వెలుతురుకు తిప్పి చూసింది. అంచున నూలుపోగంత ఎరుపు!

"వచ్చింది అమ్మిణీ! నెత్తురు వచ్చింది!" అంటూ ఆ పిల్ల రెండు చెంపలూ పట్టుకుని మసి చేసేసింది.

వళ్లి నవ్వి చట్టిలోకి తొంగి చూసింది. "అయిపోయిందా పెద్దమ్మా?"

ఆరాయి మూతపెట్టిన గ్లాసు వైపు చూసింది. ఒక్క గ్లాసుతో రక్తం ఊరదని ఆమెకు తెలియనిది కాదు. కానీ ఆ పోగు ఇవాళే కనబడింది. ఇవాళ తప్పిస్తే తెగిపోతుందేమో. మూత తీసి గ్లాసు చేతిలో పెట్టింది.

"ఇది ఎవరిది?"

"నీదే. చల్లారిపోతుంది, తాగేసి పో."

వళ్లి గేటు లోపలికి పోయేదాకా చూసి, చట్టి కడిగి బోర్లించి, గోడకు వీపు ఆనించి కూర్చుంది ఆరాయి. హాయిగా అనిపించింది. పక్కన ఎవరో కూర్చున్నట్టు, తడి జుట్టు తన భుజానికి తగులుతున్నట్టు ఉంది. ఈసారి మెడ తిప్పి చూసింది.

సాయంత్రం పని వదిలాక వళ్లి వచ్చేసరికి ఆమె అలాగే కూర్చుని ఉంది. ఫ్యాను ఊదిన దూది ఒళ్లంతా కప్పేసింది. "నిద్రపోతా ఉండావా పెద్దమ్మా?" అంటూ వళ్లి కొంగుతో ఆమె మొహం తుడిచింది. దూది పోయింది, తెలుపు పోలేదు. ఇంకా గట్టిగా తుడిచింది. తర్వాత, తనకు నెల రోజులుగా జరిగినట్టే, బొటనవేలితో ఆ కింది రెప్పను లాగి చూసింది. చూసి, అక్కడే కూలబడి బావురుమంది. కడుపులో బిడ్డ గట్టిగా తన్నింది.

మారిముత్తు, మీనాంబాళ్ కలిసి ఆరాయిని ఎత్తుకుని పంచ లోపల పడుకోబెట్టారు. ఆమె కూర్చున్న చోట, గోడ నీడలో, తడిగుడ్డ మూట ఒకటి మిగిలింది. రేపటికని చుట్టిపెట్టిన మునగ రెమ్మలు. చుట్టి ఉంచితే తెల్లారేసరికి ఎవరూ దూయకుండానే ఆకు రాలుతుంది. పంచలో మాటలు సద్దుమణిగాక, ఆ మూటలో ఆకులు ఒక్కొక్కటే కాడల్ని వదిలిపెడుతున్నాయి.