తడవని చొక్కా

ఎవరి బిడ్డో కెవ్వుమంది. ఆమె చేతిలో ఉన్న గౌన్ల అట్టపెట్టెను గభాల్న గుండెలకు అదుముకుంది.

అది అలవాటు. పసిపిల్లల బట్టలమ్మే అంతస్తులో బాలింతను నిలబెట్టడమంత శిక్ష ఇంకోటి లేదు. అక్కడ రోజంతా ఎవరో ఒకరి బిడ్డ ఏడుస్తూనే ఉంటుంది. ఏ బిడ్డ ఏడ్చినా ఆమెకు పాలు చేపుకొచ్చేవి. ఏడ్చేది కొనేవాళ్ల బిడ్డా, అమ్మేదాని బిడ్డా అన్నది రొమ్ముకేం తెలుసు?

కాన్పు తర్వాత పనిలోకొచ్చిన కొత్తలో లేతనీలం యూనిఫాం చొక్కా మీద రెండు తడి మరకలు తేలాయి. ఫ్లోర్ మేడమ్ పక్కకు పిలిచి, "వచ్చేవాళ్లు ఏమనుకుంటారమ్మా? ఇంకోసారి ఇలా కనబడితే పనిలో ఉంచరు" అంది. తల కొట్టేసినట్టయింది. మర్నాటి నుంచీ పాత దుప్పటి పీలిక ఒకటి చొక్కా లోపల బిగించి కట్టుకుని వస్తోంది. ఊపిరాడదు. ఆడకపోతే పోనీ, పని నిలిచింది.

పెట్టె దించి చూసుకుంది. చొక్కా పొడిగా ఉంది. అమ్మయ్య అనుకుంది, పిచ్చిది.

మధ్యాహ్నం అత్త పాపను చంకనేసుకుని వెనక మెట్ల దగ్గరికొచ్చింది. రోజూ వచ్చేదే. మొదట్లో ఆ మెట్ల మీదే పాలిచ్చేది. సరుకు దించే మగవాళ్లు చూస్తున్నారని మేనేజరు వద్దన్నాడు. చూసేవాళ్లను చూడొద్దనడం ఆయనకు తోచలేదు. ఇక మిగిలింది పనివాళ్ల బాత్రూమే.

"కింద షోకేసు అద్దాల్లో బొమ్మను చూశావుటే?" అంది అత్త. ఆవిడ నోరు ఊరుకోదు. "ఒళ్లో బొమ్మపిల్లతో సహా కుర్చీ వేసి మరీ కూర్చోబెట్టారు. మనమే ప్లాస్టిక్కు కాకపోయాం."

బాత్రూంలో ఫినాయిల్ కంపు. పాప నోటపెట్టుకుంది, ఆత్రంగా లాగింది, అంతలోనే వదిలేసి తల తిప్పుకుని ఏడ్చింది.

"తాగుతోందా?" బయటినుంచి అత్త.

"లేదత్తా. కంపుకనుకుంటా."

అత్త తలుపు తోసుకొచ్చింది. కోడలి ఒంటి మీద వాతల్లా ఎర్రగా తేలిన కట్టు గుర్తులు చూసింది.

"ఎన్నాళ్లనుంచే ఇది?"

"తడుస్తోందని కట్టుకున్నానత్తా. ఈమధ్య అస్సలు తడవట్లేదు."

"ఓసి పిచ్చిదానా! ఈ కట్టు మరకల్ని ఆపలేదే, పాలనే ఆపేసింది. రాత్రుళ్లు ఇది గుక్కపట్టి ఏడుస్తుంటే కడుపునొప్పేమో అనుకున్నాం. ఆకలే తల్లీ అది. తొడలు చూడు, తోలు ఎలా వదులైపోయిందో."

ఆమె పాప కాలు చేత్తో తడిమింది. నిజమే.

"మళ్లీ వస్తాయా?"

"ఏమో మరి. బిడ్డ అడిగినప్పుడల్లా ఇవ్వాలి. కంగారు లేకుండా, కుదురుగా కూర్చుని ఇస్తే రావచ్చు. ఎక్కడ కూర్చుంటావు, ఇక్కడా?"

ఆమె కట్టు పూర్తిగా విప్పి నేలమీద పడేసింది. చొక్కా తొడుక్కుని, పాపను భుజానేసుకుని తిన్నగా తన అంతస్తులోకి నడిచింది. కిటికీ పక్కన కొనేవాళ్ల కోసం వేసిన మెత్తటి కుర్చీ ఉంది. పనివాళ్లు కూర్చోకూడదని రూలు. ఏ మహానుభావుడు పెట్టాడో గానీ, కొట్టు తెరిచింది మొదలు మూసేదాకా నిలబడే ఉండాలి. ఆ కుర్చీలో కూలబడింది. కాళ్లు జివ్వుమన్నాయి. గుండీలు విప్పి పాపకు అందించింది.

గౌన్లు బేరమాడుతున్నవాళ్లు మాటలు ఆపేశారు. ఫ్లోర్ మేడమ్ పరుగున వచ్చింది.

"ఏంటిది? లే. అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి మేడమ్."

"నేనూ కన్నదాన్నేనమ్మా. డబ్బాపాలతో నెట్టుకొచ్చాను. నాతోపాటు ఎంతమంది నెట్టుకురాలేదు? లే తల్లీ, నా పని కూడా పోతుంది."

"మీక్కూడా ఆ బాత్రూమే చూపించారా?"

మేడమ్ కుర్చీ వీపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది.

"పాప వదిలేదాకా నేను లేవను మేడమ్" అంది ఆమె.

పాప లాగుతోంది. ఆగి తల్లి మొహంలోకి చూస్తోంది. మళ్లీ లాగుతోంది. గొంతులో గుక్క దిగిన చప్పుడు లేదు. పాపం, అయినా వదలడం లేదు.

లిఫ్టు దగ్గర ఎవరి బిడ్డో ఏడుపందుకుంది. ఆమె ఊపిరి బిగబట్టి రెండోవైపు చొక్కా మీదికి చూపు దించింది. ఇన్నాళ్లూ ఏ మరక పడుతుందోనని హడలిపోయిందో, ఆ మరక కోసమే కళ్లార్పకుండా చూస్తూ కూర్చుంది.

అక్కడ బిడ్డ ఏడుస్తూనే ఉంది. చొక్కా ఇంకా పొడిగానే ఉంది.